నీళ్లు పంచే దువ్వెన

టీచరమ్మగారు పోయిన కబురు పొద్దున్న ఆరింటికి వచ్చింది. ఆస్పత్రి నుంచి ఆవిడ కొడుకు ఫోన్ చేశాడు. మేడమ్ విని, ఫోను బల్ల మీద బోర్లా పెట్టి, నా వైపు తిరిగింది. "ఖలాస్, పోయింది. పై అరలో పెద్ద ఫ్లాస్కులున్నాయి, దించి కడుగు. జనం వస్తారు" అంది. నేను స్టూలెక్కి ఫ్లాస్కులు దించాను. ఏడుపు రాలేదు. నెల దాటినా రాలేదు. పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు మనసు మెత్తగా ఉండాలంటారు. ఆవిడ మీద మెత్తగానే ఉంది. తక్కిన అందరి మీదా, నా మీద కూడా, అసహ్యంగా ఉంది. ఉన్నది ఉన్నట్టే రాస్తున్నాను, చదివేవాళ్లు మన్నించాలి.

ఆవిడ నాకు బళ్లో పాఠం చెప్పిన టీచరు కాదు. గల్ఫులో, అజ్మాన్‌లో నేను పనిచేసిన ఇంటి పెద్దావిడ, మా మేడమ్‌కి అత్తగారు. అల్జీరియావారు. తొంభైల్లో ఆ దేశంలో సొంత మనుషులే ఒకరినొకరు చంపుకుంటూ, పంతుళ్లని కూడా వదలని రోజుల్లో, భర్తతో ఇక్కడికి వచ్చేశారు. అక్కడా ఇక్కడా కలిపి ముప్పై ఏళ్లు ఆడపిల్లలకి చరిత్ర, భూగోళం చెప్పారు. మేమిద్దరం మాట్లాడుకున్నది సగం అరబ్బీ, సగం చేతులు. ఇక్కడ నా తెలుగులో పెడుతున్నాను.

కరోనా తగ్గి విమానాలు మళ్లీ తిరుగుతున్నప్పుడు ఆ ఇంట్లో చేరాను. మొదటిరోజు వంటింట్లోకి వెళితే, వెలిసిన గౌను, తలకి గుడ్డ, నల్లటి మనిషి, స్టూలు మీద కూర్చుని చిక్కుళ్లు వలుస్తున్నారు. పాత పనిమనిషి అనుకున్నాను. పక్కనే కింద చతికిలబడి, నేనూ నాలుగు కాయలు అందుకుని, గొంతు తగ్గించి అడిగాను.

"అక్కా, ఎన్నాళ్ల నుంచి ఉన్నావిక్కడ? మేడమ్ ఎలాంటిది?"

ఆవిడ ఒకసారి గుమ్మం వైపు చూసి, "నోరు పెద్దది, గరిటె చిన్నది. ముందు నువ్వు తినేసి తరవాత వడ్డించు" అన్నారు.

అంతలో మేడమ్ వచ్చి, "యెమ్మా, మందు వేసుకున్నారా?" అంది. యెమ్మా అంటే వాళ్ల భాషలో అమ్మ. నేను లేచిన ఊపుకి చిక్కుళ్ల గిన్నె బోర్లా పడింది. టీచరమ్మగారు తలగుడ్డ జారిపోయేంత నవ్వారు. "లేస్తావేం, కూర్చో. కాయలు ఎవరు ఏరతారు?"

ఆవిడకి ఒక అలవాటుండేది. గ్యాసు బండ తెచ్చినవాణ్ణీ, లిఫ్టు బాగుచేసేవాణ్ణీ, ఎవర్నయినా సరే, ఏ ఊరని అడిగాక, "మీ ఊరికి నీళ్లెక్కణ్ణించి వస్తాయి?" అని అడిగేవారు. నన్నూ అడిగారు. గోదావరి కాలవ అన్నాను. "ఆ కాలవలో పూడిక ఎవరు తీస్తారు?" అన్నారు. అంతవరకూ నన్ను ఎవరూ అడగని మాట అది.

ఒక మధ్యాహ్నం గట్టు మీద గోధుమరవ్వ పరిచి తన దేశం గీశారు. పైన సముద్రం, దాని పక్కన సన్నగా పచ్చటి నేల, తరవాత కొండలు, మెట్ట, మళ్లీ కొండలు. వాటి కింద అరచెయ్యితో రవ్వనంతా చదును చేసి, "ఇదంతా ఇసకే. పదింట ఎనిమిది వంతులు. మనుషులంతా పైన ఈ అంచునే ఉంటారు" అన్నారు.

"చీరకి అంచులాగా" అన్నాను.

"అవును, చీరంతా ఇసక" అని నవ్వి, ఇసక మధ్యలో వేలు గుచ్చారు. అక్కడ వాళ్ల ఊరు. ఖర్జూరపు తోటలు. నేల కింద మైళ్ల కొద్దీ సొరంగం తవ్వి, ఎక్కడో లోపలి నీటిని నెమ్మదిగా వాలు మీద ఊళ్లోకి తెస్తారట. బయటపడే చోట దువ్వెనలా పళ్లు కోసిన రాయి ఉంటుంది. పళ్ల సందుల్లోంచి నీళ్లు పాయలుగా విడిపోతాయి, పాయకి ఒక ఇంటివాళ్లు. నాకు అర్థం కావడానికి కొప్పులోంచి తన చెక్కదువ్వెన తీసి సింకులో కుళాయి కింద పెట్టారు. వంటింట్లో దువ్వెనేంటని నా ప్రాణం కొట్టుకుంది. నీళ్లు మాత్రం నిజంగానే పాయలు పాయలుగా జారాయి.

"ఇందులో మీ పాయేది?" అన్నాను.

"మాకు లేదు. మా నాన్న సొరంగంలో దిగి తవ్వేవాడు. తాతా అంతే. తవ్వేవాళ్లకి పాయ ఉండదు."

వాళ్లు బానిసలుగా పట్టుకొచ్చిన మనుషుల సంతతి అని, అందుకే ఆ రంగని అప్పుడు చెప్పారు. నూట ముప్పై ఏళ్ల తెల్లవాళ్ల పాలన పోయేసరికి ఆవిడకి ఎనిమిదేళ్లు. బడి పెట్టారు. తవ్వేవాళ్ల వీధి నుంచి బడికెళ్లిన మొదటి ఆడపిల్ల ఆవిడే. "పరాయివాళ్లు పోయారు. రాయి అక్కడే ఉంది" అన్నారు. భర్త అదే దేశపు ఉత్తరాదివాడు, తెల్లని మనిషి. ఆయన చిన్నప్పుడు తెల్లవాళ్లు పెట్టిన బడి పాఠంలో మీ పూర్వీకులది బంగారు రంగు జుట్టు అని రాసి ఉండేదట. "నా మొహం చూశాక గాని పుస్తకం అబద్ధమని ఆయనకి తెలియలేదు!" అని కళ్లు తుడుచుకుంటూ నవ్వారు. కొడుక్కి తండ్రి రంగు వచ్చింది.

అప్పుడు నేనూ చెప్పాను, ఎవరికీ చెప్పనిది. మా నాన్నమ్మ కాలంలో కాలవ పూడిక తీసింది మా పేటవాళ్లే. బిందె మాత్రం పై రేవులో ముంచకూడదు. మర్నాడు నేను ప్రార్థన చేసుకునే మూల మందపాటి తుండు మడిచి పెట్టి ఉంది, మోకాళ్ల కిందకి. నేను ప్రార్థనలో ఉంటే ఆవిడ టీవీ నోరు నొక్కేసేవారు.

మా పై అంతస్తులో పనిచేసే పాలకొల్లు వదినకి ఈ సంగతులు చెబితే విరగబడి నవ్వింది. "ఆ మసిబొగ్గు ముసల్ది టీచరా? నమ్మమంటావేంటొదినా!"

"మనమేమన్నా తెల్లగా ఉన్నామా వదినా?"

"మనది చామనఛాయ. అది వేరు."

ఆదివారం చర్చి పాటల్లో ఆ వదిన గొంతే అందరికన్నా పైన వినిపిస్తుంది. ఆ వారం ఆ పాట నా చెవికి ఎక్కలేదు.

ఇక నేను చేసిన పని. మేడమ్ స్నేహితురాళ్లు కాఫీకి వచ్చారు. నేను పొయ్యి దగ్గర ఇరుక్కుంటే టీచరమ్మగారే కాఫీ పోయడానికి వెళ్లారు. చేతినిండా ఉంగరాలున్న ఒకావిడ మేడమ్‌తో, "నీకు ఇద్దరు పనివాళ్లా? అదృష్టవంతురాలివి. ఈ ముసలామెని ఎక్కణ్ణించి తెప్పించావు?" అంది.

మేడమ్ నవ్వి, "చాలా ఏళ్ల నుంచి ఉంది" అంది. ఇంట్లో యెమ్మా అని పిలిచే నోరే అది.

అప్పుడే పళ్లెం పట్టుకుని వచ్చిన నా వైపు తిరిగి, "మీ ఇద్దరికీ పడుతుందా?" అని అడిగింది ఉంగరాలావిడ.

మేడమ్ కళ్లు నా మీద ఉన్నాయి. నా వీసా ఆవిడ చేతిలో ఉంది. "ఐవా, అవును మేడమ్" అన్నాను. టీచరమ్మగారు ఆఖరి కప్పు వరకూ ఒక్క బొట్టు తొణక్కుండా పోసి లోపలికి వెళ్లారు.

వంటింట్లో నేను తలెత్తలేదు. ఆవిడే అన్నారు: "మొదటిరోజు నువ్వూ నన్ను పనిమనిషే అనుకున్నావు. కాని వచ్చి పక్కన కూర్చున్నావు. ఈవేళ నిలబడే ఉండిపోయావు." కాఫీ పాత్ర సింకులో పెట్టి, "మళ్లీ ఎవరన్నా అడిగితే నేనెవరో నువ్వు చెప్పు. నేనే చెప్పుకుంటే అడుక్కున్నట్టుంటుంది" అన్నారు. సరే అన్నాను. ఆ మాట నిలబెట్టుకునే అవకాశం ఆవిడ బతికుండగా రాలేదు. వెతికి చెప్పే ధైర్యం నేనూ చేయలేదు.

వాళ్ల ఊళ్లో మనిషి పోతే ఆ ఇంట మూడురోజులు పొయ్యి వెలగదట, ఇరుగుపొరుగు వండి తెస్తారట. ఇక్కడ హోటలు నుంచి రంగు కాగితం డబ్బాలు దిగాయి. ఏ డబ్బా ముందు ఖాళీ అవుతుందో అందరి చూపూ దాని మీదే. కళ్లు తుడుచుకున్న టిష్యూతోనే మూతికంటిన నెయ్యి తుడుచుకున్నారు. "గొప్ప మనిషి, గొప్ప తల్లి" అని, ఆవిడతో రెండు మాటలు కూడా మాట్లాడనివాళ్లు అన్నారు. నేను పళ్లేలు మోశాను.

రెండోరోజు ఉంగరాలావిడ వచ్చింది. మేడమ్‌ని కౌగిలించుకుంది, అత్తగారి కోసం ఏడ్చింది, కూర్చుంది. ఖర్జూరం తీసుకుంటూ నన్నడిగింది: "పనంతా నీ ఒక్కదాని మీదే పడిందే. ఆ నల్ల ముసలామె ఏది?"

నేను పళ్లెం కింద పెట్టాను. సోఫా మీద ఆవిడ పక్కన కూర్చున్నాను. ఆ ఇంట్లో సోఫా మీద కూర్చోవడం అదే మొదలు, అదే ఆఖరు. నా గొంతు ఎప్పుడూ పైకి లేవదు, అప్పుడూ లేవలేదు.

"మీరు ఏడుస్తున్నది ఆవిడ కోసమే మేడమ్. ఆవిడ సార్ వాళ్లమ్మ. ఈ ఇంటి పెద్దావిడ. ముప్పై ఏళ్లు పిల్లలకి చదువు చెప్పారు."

గదిలో అందరూ విన్నారు. ఉంగరాలావిడ మేడమ్ వైపు చూసింది, మేడమ్ తివాచీ వైపు చూసింది. "అయ్యో, నాకెవరూ చెప్పలేదే" అని, ఆవిడ ఇంకో ఖర్జూరం తీసుకుంది.

మూడోరోజు సాయంత్రం మేడమ్ అత్తగారి బట్టలు నల్ల సంచుల్లో కూరుతూ, నా వీసా ఇక పొడిగించనని చెప్పింది. సరే అన్నాను. ఆ చెక్కదువ్వెన ఇమ్మన్నాను. "ఆ చెత్తా?" అని వేలి కొసలతో పట్టుకుని నా వైపు గిరాటేసింది. కొడుకు గుమ్మంలోనే ఉన్నాడు. అతనికి ఇవేవీ తెలియవనుకుందామని ఉంది, కాని నమ్మలేకపోతున్నాను.

ఇప్పుడు పక్క పట్నంలో, కరామా పేటలో ఒక గదిలో ఆరుగురం ఉంటున్నాం. కొత్త పని దొరికింది. నిన్న బియ్యం కడిగాక దువ్వెన తీసి కుళాయి కింద పెట్టాను.

"పిన్నీ, ఛీ! వంటింట్లో దువ్వెనేంటి?" అంది పక్క మంచం పిల్ల.

"ఇలా రా. మీ ఊరికి నీళ్లెక్కణ్ణించి వస్తాయి?" అన్నాను.

ఆ పిల్ల ముక్కు మీద చెయ్యి వేసుకునే దగ్గరికొచ్చి వంగి చూసింది. నీళ్లు పళ్ల సందుల్లోంచి పాయలుగా విడిపోతున్నాయి. ఒక తెల్లవెంట్రుక మాత్రం రెండు పళ్ల మధ్య చిక్కుకుని, ఎంత నీరు పోసినా వదలకుండా, అందులోనే ఊగుతోంది.