కాళ్లందని సీటు

మా ఆవిడ పుట్టిల్లు నర్సంపేట. వీలున్న ప్రతి ఆదివారం నా బండి మీదే వెళ్లేవాళ్లం. ఒక ఆదివారం ఆమె బండి ఎక్కనంది.

"ఈ సీటు మీద నడుము పోతాంది. నేను బస్సుల వస్త. నువ్వు బండి తీస్కరా."

బస్టాండు నుంచి వాళ్లమ్మ ఇల్లు దూరం. అక్కడ బండి ఉండాల్సిందే. అందుకని ఆమె బస్సులో కిటికీ పక్కన, నేను బస్సు వెంబడి బండి మీద బయలుదేరాం. బస్సు ఆగినచోటల్లా నేనూ ఆగాను. ఆమె ఒకచోట కిటికీలోంచి మంచినీళ్ల సీసా అందించింది. ఇంకోచోట హెల్మెట్ బెల్టు పెట్టుకోమంది. కొన్ని వారాలు ఇలా గడిచాక కండక్టర్ నన్ను పక్కకు పిలిచాడు.

"ఏందన్నా, ఆమె ఎన్క పడ్డవ్? ఇజ్జత్ గాదు గిది."

ఆమె నా భార్యేనని చెప్పాను. అతను నమ్మక ఆమెనే అడిగాడు. మా ఆవిడ కాసేపు నా వైపు చూసి, అవునంది.

ఆ మర్నాడే సీటు మార్పించడానికి హన్మకొండ వెళ్లాం. బండ్ల సీట్లు కుట్టే ఆయన్ని అందరూ చాచా అంటారు. దుకాణంలో సీట్లన్నీ ఒక పొడుగాటి బల్ల మీద వరసగా పెట్టి ఉన్నాయి.

"కూసోని చూడుండ్రి మేడం," అన్నాడు చాచా.

మా ఆవిడ మొదటి సీటు మీద కూర్చుని కళ్లు మూసుకుంది. "ఉత్తగ కూసుంటె ఏం తెలుస్తది? రోడ్డు మీద పోయినట్టుండాలె," అంది.

చాచా కొంచెం ఆలోచించి, బల్ల ఒక చివర పట్టుకుని ఊపడం మొదలుపెట్టాడు. ట్రాక్టరు సీటు కోసం వచ్చి కూర్చున్న ఒక రైతు, ఎవరూ అడగకుండానే లేచి రెండో చివర పట్టుకున్నాడు.

"ఇప్పుడు స్పీడ్ బ్రేకర్ వస్తాంది మేడం," అన్నాడు చాచా. ఇద్దరూ బల్లను లేపి కింద పడేశారు.

"పక్కనే ఇంకోటున్నది," అన్నాడు రైతు. ఆయనది నర్సంపేట దగ్గరి ఊరేనట.

అలా ఒక్కో సీటు మీదా ఆమెను నర్సంపేట దాకా తీసుకెళ్లారు. చివరికి ఆమె అన్నిటికన్నా వెడల్పాటిది, పరుపంత మందమున్నది ఎంచుకుంది. నన్ను కూర్చుని చూడమని ఎవరూ అనలేదు. బిగించాక బండి ఎక్కితే నా కాళ్లు నేలకు అందలేదు.

"చాచా, కాళ్లు అందుతలేవు," అన్నాను.

"బండి పోయెటందుకు గద సార్, ఆగెటందుకా," అన్నాడాయన.

నేను మా ఆవిడ కన్నా పొట్టి. పెళ్లిలో ఫొటోలు తీసే అతను నన్ను పీట మీద నిలబెట్టాడు. ఆ తర్వాత ఇంట్లో ఆ మాట ఎవరం ఎత్తలేదు. ఆ రోజు సుబేదారిలో సిగ్నల్ పడి బండి ఆపేసరికి అది పక్కకు ఒరగసాగింది. వెనక అటొక కాలు ఇటొక కాలు వేసి కూర్చున్న మా ఆవిడ రెండు కాళ్లూ కింద మోపి ఆపింది.

"నువ్వు బ్రేకు చూస్కో. కాళ్లు నేను చూస్కుంట," అంది.

ఇద్దరం ఉన్నప్పుడు బాగానే సాగింది. ఒక్కణ్ణే వెళ్లినప్పుడే ఇబ్బంది. హసన్‌పర్తిలో నేను పాఠాలు చెప్పే కాలేజీ గేటు పక్కన గట్టు ఉంది. దాని మీద కాలు పెట్టి దిగేవాణ్ణి. సిగ్నల్ దగ్గర పక్క ఆటో కమ్మీ పట్టుకునేవాణ్ణి. ఇంటికి వచ్చేటప్పుడు సందు మొదట్లో హారన్ కొడితే మా ఆవిడ వచ్చి బండి పట్టుకునేది. ఒక సాయంత్రం ఆమె పోపు వేస్తూ బయటికి రాలేదు. ఇక ఆగే దారి లేక కాలనీ చుట్టూ తిరగడం మొదలుపెట్టాను. ఎదురింటి పెద్దాయన గేటు ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"ఏంది సార్, ఊకె తిరుగుతాండ్రు?" అన్నాడు. జవాబిచ్చేలోపు ఆయన్ని దాటిపోయాను.

"సీటు కోసం," అని తర్వాతి చుట్టులో చెప్పాను.

మళ్లీ వచ్చేసరికి ఆయన లేచి నిలబడ్డాడు. "ఎవలికి?"

"మా ఆవిడకు."

ఆ తర్వాతి చుట్టులో ఆయన రోడ్డు మీదికే వచ్చి, "ఏ పార్టీ?" అని అడిగాడు.

అప్పటికి మా ఆవిడ గరిటెతో బయటికి వచ్చి బండి పట్టుకుంది.

పొద్దున్నే పెద్దాయన మా ఇంటికి వచ్చాడు. వార్డు ఎన్నికల్లో ఆమె నిలబడుతుందని ఆయన నమ్మకం. గెలిచాక అన్నిటికన్నా ముందు మన సందులో పొంగే మురుగు మోరీ సంగతి చూడాలన్నాడు. నేను అసలు విషయం చెప్పబోతుండగా మా ఆవిడ ఆయన ముందు చాయ్ పెట్టి, "చూద్దాం బాపూ," అంది.

ఆ ఆదివారం నర్సంపేట దారిలో గొర్రెల మంద అడ్డం వచ్చింది. బ్రేకు వేశాను. వెనక నుంచి కాళ్లు రాలేదు. అంత మెత్తటి సీటు మీద మా ఆవిడ నిద్రపోయింది. బండి ఎంత మెల్లగా ఒరిగిందంటే, పడేలోపు ఆమెను రెండుసార్లు పిలిచాను. రోడ్డంచున ఆరబోసిన వడ్ల మీద బండితో సహా పడ్డాం. ఎవరికీ దెబ్బ తగల్లేదు. వడ్లకు కాపలా ఉన్న ముసలమ్మ కర్ర తీసుకుని వచ్చి, కోళ్లను అదిలించినట్టే మమ్మల్నీ అదిలించింది.

మా ఆవిడ తలలోని వడ్లు దులుపుకుని బండి లేపింది. "ఎన్క కూసో," అంది.

"నీకు తోలుడు వస్తదా?"

"పెండ్లిగాకముందు మా అన్న బండి నేనే తోలేదాన్ని. నువ్వెప్పుడు అడగలే."

వెనక కూర్చున్నాను. ఆ సీటు ఎంత బాగుందో నాకు అప్పుడే తెలిసింది. కాళ్ల ఫికర్ లేకుండా పత్తి చేలు చూస్తూ పోవడం హాయిగా ఉంది. ఆ హాయితో పాటు ఎవరైనా చూస్తారేమోనన్న బెంగ కూడా ఉంది. వాకిట్లో దిగగానే మా అత్తమ్మ కంగారుగా కూతుర్ని అడిగింది.

"ఏందే, నువ్వు తోలుకొచ్చినవ్? అల్లునికేమైంది?"

"కాలు బెణికింది," అన్నాను, మా ఆవిడ నోరు తెరిచేలోపే.

అత్తమ్మ వెంటనే పక్కవాడలో బెణుకులు సరిచేసే ఆయన్ని పిలిపించింది. ఏ కాలు అని ఆయన అడిగితే, తోచక ఎడమది చూపించాను. ఆయన వేడి నూనె రాసి, మడమ రెండు చేతులతో పట్టుకుని, ఉన్నట్టుండి ఒక్క గుంజు గుంజాడు.

"టక్కుమన్నది. సదురుకున్నది," అన్నాడు.

అప్పటిదాకా బాగున్న కాలు అప్పుడు నిజంగానే బెణికింది. ఈ మాట చెప్పుకునే వీలు లేదు. అత్తమ్మ మాత్రం తృప్తిగా బండి దగ్గరికి వెళ్లి, సీటును అరచేత్తో నొక్కి చూసింది.

"మస్తు మెత్తగున్నదే. నన్ను గూడ జర తిప్పరాదు," అంది కూతురితో.

తల్లీ కూతుళ్లు ఊరంతా తిరిగి వచ్చేదాకా నేను అరుగు మీద కాలు చాపుకుని కూర్చున్నాను.