మగ గొల్లభామను బతికించడం

మా ఆయన పెద్దకర్మ రోజున, పందిట్లో విస్తళ్లు వేస్తుండగా, కంచికచర్ల నుంచి వచ్చిన మా ఆడపడుచు అందరికీ వినపడేలా అంది: "మా తమ్ముణ్ణి నిలువునా తినేసింది." ఎవరూ ఇదేం మాటని అడగలేదు. పప్పు వడ్డిస్తున్న మనిషి గరిటె కూడా ఆపలేదు. ఆ రోజు ఏ విస్తరి ముందు ఎవరు కూర్చున్నారో ఇవాళ అడిగినా చెప్పగలను.

గొల్లభామల్ని పెంచడం ఆ మరుసటేడు మొదలుపెట్టాను. నందిగామలో ఒక కాలేజీ జువాలజీ ల్యాబ్‌లో నా ఉద్యోగం. జగ్గయ్యపేటలో మా పెరటి కరివేపాకు కొమ్మకు ఎండిన నురగలాంటి గుడ్ల గూడు కనిపిస్తే, కొమ్మతో సహా తుంచి సీసాలో పెట్టి, మూతికి దోమతెర గుడ్డ కట్టాను. నెల తిరక్కముందే చీమలంత పిల్లలు వందకు పైగా దిగాయి. కుళ్లిన అరటిపండు మీద ముసిరే ఈగలే వాటి తిండి. ఒక ఆదివారం ఈగలు చాలలేదు. సాయంత్రానికి ఒకదాన్నొకటి నమిలేశాయి. సీసా అడుగున కాళ్లు, తలలు. మిగిలినవాటిని విడివిడిగా డబ్బాల్లో పెట్టినా, చివరికి పెద్దయినవి రెండే. ఒక ఆడది, ఒక మగది.

జత కట్టేటప్పుడు ఆడది మగదాని తల కొరుకుతుందని ల్యాబ్‌లో చెప్పగానే పిల్లలు నవ్వుతారు. కడుపు నిండిన ఆడది కొరకదని, మగదాన్ని బతికించి చూపించాలని నా పట్టుదల. ఎవరికి చూపించాలో వేరే చెప్పక్కర్లేదు. నాలుగు రోజులు ఆడదానికి బొద్దింకల్నీ మిడతల్నీ పట్టి అందించాను. బొద్దింక కాళ్లు కొట్టుకుంటుండగానే పొట్ట తోడుకుని తినేది. ఐదో రోజు సెలవు పెట్టి, ఆడది ఉన్న సీసాలోకి మగదాన్ని వదిలాను. గంటసేపు కట్టెలా నిలబడి, ఒక్క ఉదుటున దాని వీపెక్కింది.

సరిగ్గా అప్పుడే ఆడపడుచు, కోడల్ని వెంటేసుకుని, కూతురి పెళ్లికి పిలవడానికి వచ్చింది. నాకు బొట్టు పెడదామని కోడలు కుంకుమ భరిణె మూత తీయబోయింది. ఈవిడ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఈ ఇంట్లో అక్కర్లేదులే అమ్మాయ్."

తర్వాత సీసా చూసింది. "ఏంటే ఇది, పురుగుల్ని మేపుతున్నావా?"

"కదపకండి వదినా. జత కట్టినయ్."

"మొగుణ్ణి తినే పురుగు ఇదేగా? నీకు తగ్గ తోడే దొరికింది!" అంటూ శుభలేఖ అంచుతో సీసాను టకటకా కొట్టింది.

ఆడది మెడ వెనక్కి తిప్పింది. ముళ్ల చేతులతో మగదాన్ని బిగించి, ముందు ఒక కన్ను, తర్వాత తల మొత్తం నమిలింది. తల పోయినా మొండెం దిగలేదు. ఇంకా గట్టిగా పెనవేసుకుని తన పని తాను చేస్తూనే ఉంది. కోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వాకిట్లోకి పరిగెత్తింది.

"చూశావా? నేనన్నది తప్పా?"

ఆవిడ మణికట్టు పట్టుకుని కుర్చీలో కూలేశాను. రెండు గాజులు పగిలాయి. ముక్క గుచ్చుకుని రక్తం వచ్చింది.

"దాన్ని చంపించింది మీరు. రెక్కలు రాలేదాకా చూసి వెళ్లండి."

చూసింది. ఏడ్చుకుంటూ వెళ్లింది. గాజుల సంగతి చుట్టాలందరికీ చెప్పింది. సీసా కొట్టిన సంగతి ఒక్కరికీ చెప్పలేదు.

పెళ్లికి నేను వెళ్లలేదు. ఆ ఆడది పెట్టిన గుడ్ల నుంచి దిగిన పిల్లల్లో ఈసారి మూడు జంటలు నిలిచాయి. ఎవరూ రాకుండా తలుపు గడియ పెట్టి, కడుపు నిండా మేపి జత కట్టించాను. మూడు మగవీ తలలతోనే కిందికి దిగాయి. వీడియోలు తీసి ఆడపడుచు ఫోనుకు పంపాను. చూసినట్టు నీలం గీతలు పడ్డాయి.

ప్రతి ఆదివారం మళ్లీ పంపుతున్నాను.