యాదగిరి మామ బార

మా చిన్నప్పుడు... నల్లగండ్లలో మా ఇంటి వెనక రాళ్లు కొట్టగా మిగిలిన పెద్ద గుంత ఉండేది. వానలకు నిండిన నీళ్లు ఎండాకాలం దాకా నల్లగా నిలిచి ఉండేవి. అటు అడుగేస్తే అమ్మ చీపురుకట్ట తీసేది.

ఆరో తరగతిలో సైన్సు సారు ఇంటిపని ఇచ్చారు... ఏదైనా ఒకటి కొలిచి, అంకె పక్కన యూనిట్ రాసుకొని రమ్మని. అందరూ బల్లలూ తలుపులూ కొలిచారు. నాకు మాత్రం ఆ గుంత లోతు తెలుసుకోవాలని బుద్ధి పుట్టింది.

పక్కింటి యాదగిరి మామను బతిమాలాను. రాళ్లు కొట్టే మనిషి, ఆజానుబాహుడు. నన్ను దూరంగా కూర్చోబెట్టి, తాడుకు రాయి కట్టి తానే వదిలాడు. రాయి అడుగు తాకాక తాడు పైకి లాగి, తడిసినంత మేరా రెండు చేతులూ చాచి కొలిచాడు.

"నాలుగు బారలుంది బిడ్డా. రాస్కో."

మర్నాడు సారు నవ్వారు. "ఎవరి బారమ్మా? ఒక్కొక్కరి చెయ్యి ఒక్కొక్క పొడవు. మీటర్లలో కొలుచుకొని రా."

"ఐతారం మళ్ల కొలుద్దాం తియ్, ఫికర్ జెయ్యకు" అన్నాడు మామ.

ఆ ఆదివారం మాకు రాలేదు... రెండు రోజుల ముందే, పొద్దున స్నానానికని గుంతలో దిగిన మామ పైకి రాలేదు. గట్టు మీద ఆయన చొక్కా మడత పెట్టినట్టే ఉంది.

బావిలో పడ్డ బకెట్లు తీసే కొక్కేలు తెచ్చారు. నాన్న తాడు పట్టుకొని నా వైపు తిరిగాడు.

"మామతోని కొలిపిచ్చినవు గద... ఎంత లోతుంది?"

"నాలుగు బారలు" అన్నాను.

నాన్న నాలుగు బారలు కొలిచి వదిలాడు. కొక్కెం అడుగు తాకలేదు... నీళ్ల మధ్యలోనే ఊగింది.

"గింతేనా బిడ్డా? జర మంచిగ యాది జేస్కో."

నాకు ఏడుపొచ్చింది. అందరూ నన్నే చూస్తున్నారు. అప్పుడు మామ భార్య పోశవ్వ అత్త లేచింది.

"నీ బార గాదన్నా... ఆయనది పెద్ద చెయ్యి."

తాడు అందుకొని తన రెండు చేతులూ చాచింది. ఆపైన జానెడున్నర కలిపింది. ఒక్క చుక్క కన్నీరు లేకుండా, అలా నాలుగు మార్లు కొలిచింది... భర్త చేతుల పొడవు ఆమెకు అంత బాగా తెలుసు.

ఈసారి కొక్కెం అడుగు తాకింది. కాసేపటికి తాడు బరువెక్కింది...

సారు నన్ను ఆ ఇంటిపని మళ్లీ అడగలేదు.

ఇప్పుడక్కడ పెద్ద అపార్టుమెంటు లేచింది. నా స్నేహితురాలు అందులోనే ఉంటుంది. కార్లు పెట్టే సెల్లారు కింద ఇంకో సెల్లారు... లిఫ్టు కిందికి దిగుతుంటే నేను ఊపిరి బిగపట్టుకుంటాను. పక్కనున్న పిల్లలు ఫోన్లు చూసుకుంటూ ఉంటారు. ఇక్కడ నీళ్లుండేవంటే "నిజమా ఆంటీ?" అని నవ్వుతారు.

మీ ఇళ్లున్న చోట ఒకప్పుడు ఏముండేదో తెలిసినవాళ్లు ఎవరైనా ఉన్నారా... అక్కడ తిరిగిన మనుషులు గుర్తుంటే, వాళ్ల పేర్లయినా ఇక్కడ రాయండి...