చూపు లేని తాత

కడప నుంచి కమలాపురం పోయే బస్సులో పక్కన కూర్చున్న ముసలామె మాది ఏ ఊరని అడిగింది. ఊరితోపాటు, మగ్గం నేసిన మా తాత పేరు కూడా చెప్పాను.

"ఆయప్ప మనవరాలివా? అప్పట్లో మాది మీ పక్కిల్లే గదమ్మా," అంది.

నేను పుట్టకముందే తాతకు చూపు పోయింది. నాకు ఊహ తెలిసేలోగా ఆయనా పోయాడు. మనవరాలిని చూడకుండానే పోయాడని ఇంట్లో అందరూ బాధపడేవారు. ఆ మాటే ఆమెతో అన్నాను.

"చూడకేమి తల్లీ? నిన్ను ఒళ్లో పెట్టుకోని ఇట్ట తడిమినాడు. 'మా అమ్మ పోలికే' అని శానా ఏడ్చినాడు," అంటూ ఆమె నా నుదురు, ముక్కు, గడ్డం మీదుగా వేళ్లు నెమ్మదిగా జరిపింది.

తర్వాత ఆమె మధ్యలో ఏదో ఊళ్లో దిగిపోయింది. తాత చేతులు నాకు గుర్తులేవు. కన్నీళ్లు కారుతున్నా కమలాపురం వచ్చేదాకా నేను ముఖం తుడుచుకోలేదు.