రవికాంత్ గారి గోడమీది జెర్సీ

ఐస్ హాకీ అంటే ఏమిటో రవికాంత్‌కి అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు. అమెరికాలో తాముండే నోవై ఊళ్ళో మనవాళ్ళ పిల్లలంతా చెస్, వయొలిన్ అంటూ ఒకే దారిన పోతున్నారనీ, కాలేజీ అప్లికేషన్‌లో కొత్తగా ఏదైనా కనబడాలనీ కొడుకు ధృవ్ చేతికి హాకీ కర్ర ఇచ్చాడు. తెల్లారకముందే మంచులో కారు నడిపి పిల్లాణ్ణి ఆడే రింక్‌కి చేర్చిందీ, కంపు కొట్టే ఆ సామానంతా ఉతికిందీ మాత్రం భార్య రాగిణి.

పిల్లాడికి ఆట నిజంగానే పట్టుబడింది. అక్కడే వచ్చింది చిక్కు. డిగ్రీ అవగానే ఒహాయోలో ఓ చిన్న ఊరి ప్రొఫెషనల్ జట్టులో డిఫెన్స్‌మన్‌గా చేరిపోయాడు. రవికాంత్ నెత్తిన పిడుగు పడింది. అప్లికేషన్ కోసం నేర్పించినదాన్ని బతుకుతెరువు చేసుకునే వెర్రివాడు తన కడుపునే పుడతాడని ఆయన అనుకోలేదు. పార్టీల్లో ఎవరడిగినా "మావాడు మాస్టర్స్ చేస్తున్నాడండీ" అనేవాడు. ఏళ్ళు గడిచినా ఆ మాస్టర్స్ పూర్తి కాలేదు. అబద్ధంలోనైనా కొడుకుని పాస్ చేయించలేని మొగుణ్ణి చూస్తే రాగిణికి ఒళ్ళు మండేది.

ధృవ్ తండ్రిని అడిగింది ఒక్కటే.

"నాన్నా, ఒక్క గేమ్‌కి రా. జస్ట్ వన్."

"ఈ వీకెండ్ ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉందిరా. నెక్స్ట్ టైమ్ చూద్దాం."

మోకాలు పాడై, ఇదే ఆఖరి మ్యాచ్ అని కొడుకు చెప్పినప్పుడు కూడా రిలీజ్ ఉంది. రాగిణి ఒక్కతే వెళ్ళింది.

ఎదుటి జట్టువాడు కొట్టిన రబ్బరు బిళ్ళ గోల్‌లోకి దూసుకుపోతుంటే ధృవ్ అడ్డంగా పడి డొక్కతో ఆపాడు. జనం పెద్దగా పట్టించుకోలేదు. బెంచీమీదున్న తోటి ఆటగాళ్ళు మాత్రం కర్రలతో ముందున్న గోడను టకటకా బాదారు. అలా దెబ్బ తిని ఆపినవాడికి వాళ్ళిచ్చే మర్యాద అదని పక్కసీటు ఆవిడ చెప్పాక రాగిణికి కన్నీళ్ళు ఆగలేదు.

"ఎన్ని గోల్స్ కొట్టాడు?" ఇంటికి రాగానే రవికాంత్ అడిగాడు.

"వాడు డిఫెన్స్ అండీ. ఆపుతాడు."

"అంటే కొట్టలేదన్నమాట."

చచ్చినవాడి కళ్ళు చారెడు అంటారు. ధృవ్ ఆట మానేసి పిల్లలకి కోచ్‌గా చేరాక, "నీ కొడుకు ప్రో ఆడాడా?" అని ఆఫీసులో అమెరికన్ బాస్ నోరెళ్ళబెట్టాడు. ఆ సాయంత్రమే రవికాంత్‌కి పుత్రోత్సాహం పుట్టుకొచ్చింది. కొడుకు దగ్గర జెర్సీ అడిగి తెప్పించాడు. వీపుమీది పేరూ నంబరూ కనబడేలా ఫ్రేమ్ కట్టించి బేస్‌మెంట్ గోడకి తగిలించాడు. థాంక్స్‌గివింగ్ పండక్కి ధృవ్ కుంటుకుంటూ ఇల్లు చేరేసరికి స్నేహితులందరినీ పిలిచి ఉంచాడు.

"ఆ స్నోలో రోజూ నేనే డ్రైవ్ చేసి దింపేవాణ్ణి. పేరెంట్స్ శాక్రిఫైస్ చేస్తేనే కదండీ పిల్లలు పైకొచ్చేది" అంటున్నాడు రవికాంత్, గ్లాసు పట్టుకుని, జెర్సీకి వీపు ఆనించి.

పకోడీల పళ్ళెం పట్టుకుని వస్తున్న రాగిణి అక్కడే ఆగిపోయింది.

"మావాడికీ అదే నంబర్ జెర్సీ కొంటా రవీ. మన ధృవ్ నంబర్ ఎంత?" పక్కవీధి భీమశంకర్ ముచ్చటగా అడిగాడు.

రవికాంత్ నోరు తెరిచాడు. భార్య వైపు చూశాడు. ఆవిడ పళ్ళెంలోకి చూస్తోంది. కొడుకు మాత్రం కళ్ళార్పకుండా ఆయన్నే చూస్తున్నాడు.

రవికాంత్ మెల్లగా గోడవైపు తిరిగాడు.

"ట్వంటీ సెవెన్" అని చదివాడు.