ఈసారి ఆట దుక్మ్‌లో

వీరబ్రహ్మానికి కుదురుగా కూర్చోవడం చేతకాదు. ఒమాన్‌లో సముద్రం ఒడ్డునున్న దుక్మ్ రిఫైనరీ సైట్లో పరంజాలు కట్టే మనిషి. చేతులకు పని లేకపోతే మోకాళ్లు ఊగుతాయి. ఆ శుక్రవారం మస్కట్‌లో, గంగాధరరావు గారి హాల్లో, మెత్తటి సోఫా అంచున కూర్చుని అలాగే ఊగుతున్నాడు.

ఆ ఇల్లు అతనికి కొత్త కాదు. అతని భార్య రమణి అక్కడే వంటపని చేస్తుంది. ఇద్దరూ కడప జిల్లా నుంచి ఒకే దేశానికి వచ్చి, ఒకరు ఎడారి చివరన, ఒకరు రాజధానిలో పడ్డారు. పండగ సెలవులకి తప్ప తీరిగ్గా కలుసుకోరు. ఈ మాట ఊళ్లో చెబితే ఎవరూ నమ్మరు.

అతను భార్యను చూడ్డానికి రాలేదు. వాలీబాల్ కోసం వచ్చాడు. ఒమాన్‌లోని తెలుగువాళ్ల సంఘం ఏటా పోటీలు పెడుతుంది. ఏ ఊళ్లో పెట్టాలో సంఘం ప్రెసిడెంటు గంగాధరరావు గారి ఇంట్లో, టీ తాగుతూ తేలుస్తారు. ప్రతి జట్టూ ఒక మనిషిని పంపాలి, అతను లేచి 'మా ఊరికి ఇవ్వండి' అని అడగాలి. అడగడం అందరి వంతు. దక్కడం మాత్రం ఎప్పుడూ మస్కట్‌కే.

దుక్మ్ జట్టు గురువారం డ్యూటీ దిగి, ఒంటి మీది దుమ్ముతోనే బస్సెక్కుతుంది. తెల్లారేసరికి ఎర్రటి కళ్లతో కోర్టులోకి దిగుతుంది. భోజనాల వేళకి ఓడిపోతుంది. అప్పుడు పెద్దమనుషులు వచ్చి 'బాగా ఆడారోయ్' అని భుజం తడతారు. ఆ తట్టడం తలుచుకుంటేనే వీరబ్రహ్మానికి ఒళ్లు మండుతుంది. ఒక్కసారి, కంటినిండా నిద్రపోయి లేచి ఆడాలి. రమణి చూస్తుండగా గెలవాలి. ఆమె కూడా ఫోన్లో ఎన్నోసార్లు అడిగింది, నువ్వుండే చోటు ఒకసారి చూపించమని.

"ఖబూరా జట్టు ఏమంటుంది, ఇక్బాల్ గారూ?" అన్నారు గంగాధరరావు.

ఇక్బాల్ ఖబూరాలో కిరాణా కొట్టు నడిపే హైదరాబాదీ. "మాకొద్దు సాబ్. మస్కట్ల బిర్యానీ మంచిగుంటది. కానీ ఈ బ్రహ్మం భాయ్ మొఖం జూడుండ్రి. ఇయ్యకుంటే మీ సోఫా ఎత్తుకపోయేటట్టున్నడు."

వీరబ్రహ్మం లేచి ఫోన్లో ఫొటోలు చూపించాడు. "గ్రౌండు మేమే చదును చేసినాం సార్. డ్యూటీ అయినాక రోజూ నీళ్లు కొట్టి తొక్కినాం. స్తంభాలు కూడా మా పరంజా పైపులే. కంపెనీ పెద్దాయన సరే అన్నాడు. మెస్సులో భోజనం, రూముల్లో పడక. మీరొచ్చి కూచుంటే చాలు."

ఫొటోలు చేతులు మారాయి. చివరికి గంగాధరరావు గారి భార్య శ్యామలాదేవి దగ్గర ఆగాయి. ఆవిడ కళ్లజోడు సర్దుకుని చూసింది.

"బాగానే ఉందయ్యా. ఇది మీ క్యాంపు లోపలే కదా? ఆడవాళ్లని రానిస్తారా?"

"గేటు దగ్గరే ఆపేస్తారమ్మా," అంటూ వీరబ్రహ్మం మళ్లీ సోఫా అంచున కూర్చున్నాడు.

గేటు మీద పెద్ద బోర్డుంది. ఆడవాళ్లకు ప్రవేశం లేదని మూడు భాషల్లో రాసి ఉంది. రోజూ దాని కిందనుంచే సైటుకి పోతాడు. నీడ గురించి ఆలోచించాడు, లైట్ల గురించి, మంచినీళ్ల గురించి, అదనపు బంతి గురించి ఆలోచించాడు. ఇది మాత్రం తట్టలేదు. అంతా మగవాళ్లే ఉన్న చోట ఏళ్ల తరబడి బతికి, లోకంలో ఆడవాళ్లూ ఆట చూడ్డానికి వస్తారనే సంగతే మరిచిపోయాడు. మనసులో మాత్రం రమణిని నెట్ పక్కన నీడలో కూర్చోబెట్టుకున్నాడు. ఆమె ఏ గేటులోంచి వచ్చిందో చూసుకోలేదు.

"ఏం భాయ్, నీకు పెండ్లయిందా అసలు?" అన్నాడు ఇక్బాల్.

అందరూ నవ్వారు. టీ పళ్లెం పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డ రమణి నవ్వలేదు.

గంగాధరరావు చెయ్యెత్తి ఆపారు. "పాపం, ఏటా అడుగుతున్నారు. ఈసారికి మగాళ్లమే వెళ్లొద్దాం. ఏమంటావ్ బ్రహ్మం? నువ్వు సరేనంటే దుక్మ్‌కే."

ఇన్నేళ్లుగా కావాలనుకున్నది చేతికొచ్చింది. క్యాంపు రూములో జట్టంతా ఫోను చుట్టూ కూర్చుని ఉంటారు. అతని మోకాలు ఊగడం ఆగిపోయింది.

"సరే సార్," అన్నాడు నేల వైపు చూస్తూ.

చేతులు లేచాయి. పని అయిపోయింది. రమణి కప్పులు తీసింది. అతను ఇంకా తాగని టీ కూడా తీసుకుపోయింది.

అతను వంటింట్లోకి వెళ్లాడు.

"గేటు మింద ఆడోళ్లు రాగూడదని బోర్డుంది. ఆ సంగతి మర్చిపోయినా," అన్నాడు.

"బోర్డు మర్చిపోయినావా, నన్నా?"

"ఇప్పుడే పోయి వద్దని చెప్తా."

"చెప్పబాక. మళ్లా బస్సులో నిద్దర్లేకుండా వచ్చి, ఓడిపోయి, ఫోన్లో నా మింద పడి ఏడ్చేది నువ్వే గదా." ఆమె కప్పు కడుగుతూ అడిగింది. "క్యాంపు చుట్టూ గోడనా?"

"కాదు. ఇనప జాలి కంచె."

"అవతల?"

"రోడ్డు."

"రోడ్డుకి బోర్డు లేదు గదా?"

సాసర్లు పట్టుకొచ్చిన శ్యామలాదేవి ఆ మాట విన్నది. "మా ఆయన ప్రెసిడెంటు కదా, కారులోనే పోతారు. వెనక సీటు ఖాళీయే. నేనూ రమణీ వస్తాం. కుర్చీలు మాత్రం బయటికి నువ్వే పంపాలి బ్రహ్మం. నాకు మోకాళ్ల నొప్పులు."

సాయంత్రం బస్టాండులో నిలబడే అతను క్యాంపుకి ఫోను చేశాడు. మేనల్లుడి వరసయ్యే ఓబులేసు ఎత్తాడు. మనకే ఇచ్చారని చెప్పగానే రూమంతా అరిచిన అరుపుకి ఫోను చెవి నుంచి దూరం జరిపాడు. అరుపులు తగ్గాక అన్నాడు, "స్తంభాలు పీకండి."

"ఏంది మామా?"

"గ్రౌండు రోడ్డు పక్క జాలి దగ్గరికి జరపల్ల."

"నీకేమన్నా పిచ్చా? ఆడ సముద్రం గాలి. సర్వీసు ఎయ్యంగానే బంతి జాలి దాటిపోతాది. మన ఊర్లో మనమే ఓడిపోతాం."

"ఓడిపోతే ఓడిపోతాం. నిద్దరపోయి ఓడిపోతాం. పీకండి."

"అది కాదు మామా, బంతి పోయి రోడ్డు మింద పడితే ఎవురు తెచ్చిస్తారు?"

"ఇచ్చేటోళ్లు ఉంటార్లే."

బస్సు వచ్చింది. కిటికీ పక్కన సీటు దొరికింది. కూర్చున్నాడో లేదో, మోకాళ్లు మళ్లీ ఊగడం మొదలుపెట్టాయి.