మల్లయ్య మూడో బిడ్డ

నిన్న పొద్దుగాల ఫోన్‌ల "మల్లయ్య పోయిండు" అంటే, ఏ మల్లయ్య అని అడిగిన.

నాకున్నది ఒక్కడే మల్లయ్య. అయినా అడిగిన.

మధ్యాహ్నం మట్టి చేసినం. సాయంత్రానికి మా మాజీ సర్పంచ్ ఫేస్‌బుక్‌ల పోస్ట్ పెట్టిండు. మల్లయ్య ఫోటో చిన్నగ, తన ఫోటో పెద్దగ. "నా ఆత్మీయ సోదరుడు" అట. కింద ఊరంతా దండాలు.

అది చూసినంకనే ఇది రాస్తున్న. లేకుంటే తలుపేసుకొని ఊకుందును.

మర్రిగూడ దిక్కు మా ఊరు. మల్లయ్య గొర్లు కాసేటోడు. తెలంగాణ వచ్చినంక తొలి పంచాయతీ ఎలక్షన్లు. సర్పంచ్‌కు నువ్వే నిలబడాలె అని ఊరు ఊరంతా ఆయన వెంట పడ్డది. నామినేషన్ వేయనీకి పోయినం.

అప్పటి రూల్, ఇద్దరికన్న ఎక్కువ పిల్లలుంటే పోటీకి పనికిరారు. మల్లయ్యకు ముగ్గురు ఆడపిల్లలు.

పార్టీ పెద్దమనిషి ఒకడు భుజం మీద చెయ్యేసిండు. "మూడోదాన్ని మీ తమ్ముని బిడ్డ అని రాసియ్యి మల్లన్నా. ఆడపిల్లనే కద, ఏం పోతది?"

ఆ పిల్ల పక్కనే నిలబడి జామకాయ తింటాంది.

మల్లయ్య గట్టిగ కూడ అనలే. "నా మందల పుట్టిన గొర్రెపిల్లనే ఇంకోనిదని ఎన్నడు చెప్పలే. బిడ్డను చెప్తనా?"

పిల్లను బండి మీద ముంగట కూసోబెట్టుకొని ఇంటికి పోయిండు.

అదే రోజు, అదే టేబుల్ మీద, పోస్ట్‌ల ఆత్మీయ సోదరుడన్న ఈ మాజీ సర్పంచ్ అఫిడవిట్ ఇచ్చిండు. పిల్లలు ఇద్దరే అని. చౌటుప్పల్‌ల బామ్మర్ది ఇంట్ల చదువుకుంటున్న మూడో కొడుకు బామ్మర్ది కొడుకైండు. నేను లేచి అబద్ధమన్న. ఆఫీసర్ ప్రూఫ్ తెమ్మన్నడు. ఊర్లె అందరికి తెలుసు. సాక్ష్యం చెప్పనీకి ఒక్కడు రాలే.

ఇయ్యాల దండాలు పెట్టినోళ్లు గూడ రాలే.

గెలిచిండు. పదవిల ఉన్నన్ని రోజులు మల్లయ్య గల్లీల లైటు వెయ్యనియ్యలే. ఎదురువడితే "ఏం మల్లయ్యా, మూడోది మంచిగున్నదా?" అని నవ్వేటోడు.

మొన్న ఆ రూల్ తీసేసిన్రు. ఎందరు పిల్లలున్నా నిలబడొచ్చు. మల్లయ్యకు ఫోన్ చేసి, ఇగ నిలబడ్తవా తమ్మీ అన్న.

"దవాఖానల ఊపిరే అందుతలేదన్నా. మైకు ముంగట ఏం నిలబడ్త" అని నవ్విండు.

నిన్న పాడె ముందు అగ్గికుండ పట్టుకొని నడిచింది ఎవరో చూసినవా, మాజీ సర్పంచ్? ఆ మూడోదే. అక్కలను పక్కకు జరిపి తనే పట్టుకున్నది.

నీ మూడో కొడుకు గూడ వచ్చిండు. నీకు దూరంగ, మేనమామ పక్కన నిలబడ్డడు.

రేపు నీ పాడె వెంట ఎందరు కొడుకులు నడువాలె? ఇద్దరే అని ప్రమాణం చేసి సంతకం పెట్టినవు. రూల్ మారింది గని, సంతకం నీదే.

తమ్మీ మల్లయ్యా, నీ బిడ్డలు ముగ్గురు. నిమ్మలంగ పండుకో.